ఉప్పునీళ్ళ బావ

పోయిన మనిషి గురించి మంచే మాట్లాడాలంటారు. మా బావ విషయంలో నాకు అది చేతకాదు.

ఆయన గుండె ఆగి పోయిన రోజు నేను తిరుత్తణి నుంచి తిరువళ్ళూరు చేరి, స్టేషన్ అవతలి ఆ ఇంటికి వెళ్ళేసరికి హాల్లో పడుకోబెట్టి ఉన్నారు. తల దగ్గర దీపం. దీపం వెనక గోడ పొడుగునా ఆయన సముద్రపు చేపల తొట్టి, నీలం లైట్లతో, గుర్రుమనే మోటార్లతో. బావ వాళ్ళ ఊరు అత్తిమంజేరిపేట నుంచి వ్యానులో దిగిన బంధువులు శవాన్ని ఒకసారి చూసి, ఆ తర్వాత చాలాసేపు తొట్టిని చూశారు. “ఎంత శుభ్రమైన మనిషప్పా! ఆ నీళ్ళు చూడు, అద్దం మాదిరి ఉండాయి” అని ఒకావిడ అంటే మిగిలినవాళ్ళు తలలాడించారు. ఆ పూటంతా అదే మాట. శుభ్రమైన మనిషి, శుభ్రమైన మనిషి.

అంతటితో ఆపి ఉంటే నేనూ నాలుగు కన్నీళ్ళు కార్చి ఊరుకునేదాన్నేమో. బావ వాళ్ళ చిన్నాన్న ఒకాయన ఉన్నాడు, మా అక్క ఆయన్ని చిన్నమామ అంటుంది. ఆయన అక్క పక్కన చతికిలబడి, ఓదారుస్తున్నాననుకొని, “నీ చేత్తో సబ్బు కలిపి ఆ చేపలన్నిట్నీ చంపినా, నిన్ను క్షమించినాడే అమ్మా! అట్లాంటి మొగుడు యాడ దొరుకుతాడు?” అన్నాడు.

మా అక్క సబ్బు కలపలేదు. ఆ సంగతి అక్కకు తెలుసు, నాకు తెలుసు, దీపం ముందర పడుకున్న మనిషికి అందరికంటే బాగా తెలుసు. ఆ ఒక్క మాట బంధువుల ముందు తన నోటితో చెప్పమని అక్క ఆయన్ని ఏళ్ళ తరబడి అడిగింది. ఆయన దగ్గర ఇంకేమీ అడగలేదు. ఆయన చెప్పకుండానే పోయాడు.

బావ శుభ్రం ఎలాంటిదో చెబుతాను. మా ఇంటికొస్తే, నేను తోమి ఇచ్చిన కాఫీ గ్లాసు అంచును జేబులోని చేతిరుమాలుతో చుట్టూ తుడిచి తాగేవాడు. మదరాసు వెళ్ళే ఎలక్ట్రిక్ రైల్లో సీటు మీద పేపరు పరిస్తేగానీ కూర్చునేవాడు కాదు. అదే మనిషి తన ఇంట్లో అన్నం తిన్నాక ఆ పళ్ళెంలోనే చెయ్యి కడిగి, మెతుకులు తేలే ఆ నీళ్ళను సోఫా పక్కనే వదిలేసి లేచేవాడు. తొట్టి ముందర కూర్చొని కాలిగోళ్ళు కత్తిరించుకొని, ఎక్కడ ఎగిరిపడ్డవి అక్కడే ఉంచేవాడు. కాస్త సేపటికి అవి కనపడకుండా పోయేవి గనక, వాటిని ఎవరు ఏరుతున్నారన్న ఆలోచన ఆయనకు వచ్చేది కాదు.

ఆ తొట్టి మామూలు చేపల తొట్టి కాదు. సముద్రపు ఉప్పు పొడి కలిపిన నీళ్ళు, బెజ్జాలు బెజ్జాలుగా ఉండే రాళ్ళు, రాళ్ళ మీద విచ్చుకొని ముడుచుకునే పగడపు జీవులు, వాటి మధ్య తెల్ల చారల నారింజ రంగు చేపలు. చేపలు తింటాయి, వెళ్ళగక్కుతాయి. సముద్రంలో అయితే అదంతా ఎక్కడికో పోతుంది. అద్దాల పెట్టెలో ఎక్కడికీ పోదు. దాన్ని ఏ దారిన బయటికి పంపాలన్నదే మా బావకు పెళ్ళాం కంటే, ఉద్యోగం కంటే పెద్ద విషయం. ఇంటికి వచ్చినవాళ్ళకల్లా ఒక మాట చెప్పేవాడు. “నీళ్ళు శుభ్రంగా ఉండాయా అని చూడొద్దు. మురికి యాడికి పోతా ఉందో, అది చూడాల.” చెప్పి, దేవరహస్యం విప్పినట్టు కనుబొమ్మలు ఎగరేసేవాడు.

మొదట తొట్టి అంచుకు తగిలించే చిన్న ఫిల్టరు కొన్నాడు. అందులో స్పంజి ఉంటుంది. స్పంజిలో పట్టిన మురికి అక్కడే కుళ్ళి మళ్ళీ నీళ్ళలోకే దిగుతుందని ఎవరో చెబితే, దాన్ని రోజూ పిండాలన్నాడు. పిండింది అక్క. తర్వాత మదరాసు కొళత్తూరులోని పెంపుడు చేపల బజారు నుంచి పెద్ద డబ్బా ఫిల్టరు తెచ్చాడు. దాని మూత విప్పితే ఎండుచేపలు నానబెట్టి మరిచిపోయిన వాసన. మూత విప్పేది ఆయన. “అబ్బా, ఎంత పట్టిందో చూడు!” అని మురిసేది ఆయన. బాత్రూములో పీట వేసుకొని తోమేది అక్క. అది కూడా లాభం లేదని తేల్చి, తొట్టి కింద చెక్క అరలో ఇంకో తొట్టి పెట్టించాడు. పై నీళ్ళు గొట్టంలో కిందికి దిగి, గుడ్డ సంచిలో వడిసి, మోటారుతో మళ్ళీ పైకి ఎక్కుతాయి. దాన్ని సంపు అన్నాడు. మనకు సంపు అంటే వాకిట్లో నేల కింద ఉండే నీళ్ళ తొట్టి. ఆయన హాల్లో కూర్చొని “సంపులో నీళ్ళు తగ్గినాయి” అంటే, పల్లె నుంచి వచ్చి వాళ్ళతో ఉంటున్న వాళ్ళమ్మ లేచి వాకిట్లోకి పోయి రాతి మూత ఎత్తి చూసొచ్చేది. ఆయనకు నవ్వు రాదు, విసుగొచ్చేది.

ఆ గుడ్డ సంచులు కొన్నవి చాల్లేదు. మా రెండు ఇళ్ళవాళ్ళమూ మగ్గాలవాళ్ళమే. మా నాన్న నేసిన లుంగీ గుడ్డ అక్క పెట్టెలో ఉంటే, దాన్ని కోసి సంచులు కుట్టమన్నాడు. అక్క కుట్టింది. మా నాన్న చేతి నేత చేపల పెంట వడగట్టడానికి పోయింది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. “మీ నాయన నేత గట్టి నేత మరదలా, ఒక్క నలక దాటదు” అన్నాడు నాతో. దాన్ని మెచ్చుకోలు అనుకోవాలని ఆయన ఉద్దేశం.

ఇదంతా ఒక ఎత్తు, స్కిమ్మరు ఒక ఎత్తు. నిలువు గొట్టంలో సన్నని బుడగలు పుట్టించే యంత్రం అది. నీళ్ళలో కరిగిన జిడ్డు బుడగలకు అంటుకొని నురగగా పైకెక్కి, ఒక గిన్నెలో పడి నల్లటి కషాయంలా నిలుస్తుంది. ఒక శనివారం నేను పొద్దున్నే వెళ్ళి, హాల్లో కూర్చొని పొంగలి తింటున్నాను. బావ ఆ గిన్నె ఊడదీసి తెచ్చి నా పళ్ళెం పక్కన పెట్టాడు.

“వాసన చూడు మరదలా.”

“తినేటప్పుడు ఏంది బావా ఇది? తియ్యి!”

“సుమ్మా ఒకసారి చూడు. ఇదంతా ఆ నీళ్ళలో ఉండింది. నీ కంటికి కనపడిందా? కనపళ్ళేదు గదా!”

నేను పళ్ళెం తీసుకొని వంటింట్లోకి పోయాను. వెనక్కి తిరిగి చూస్తే ఆయన గిన్నెలో వేలు ముంచి, ఆ వేలిని ముక్కు దగ్గర పెట్టుకొని, కళ్ళు అరమూసుకొని నిలబడి ఉన్నాడు. గుళ్ళో తీర్థం తీసుకొనే మనిషి ముఖం అది. తర్వాత ఆ గిన్నెను పక్కకు చాపాడు. తల తిప్పలేదు, పిలవలేదు, ఊరికే చెయ్యి చాపాడు. అక్క ఎక్కడి నుంచో వచ్చి అందుకొని వెళ్ళింది. కాసేపటికి కడిగిన గిన్నె వచ్చి మళ్ళీ ఆ చేతిలోనే పడింది. మాటా లేదు, చూపూ లేదు. ఆ చాపిన చెయ్యి నాకు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళంతా రోత పుడుతుంది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ తొట్టి బాగుండేది. చేప వచ్చి పగడపు పువ్వులో ముఖం దాచుకుంటుంటే నేను కూడా కాఫీ చల్లారిపోయేదాకా చూసేదాన్ని. ఆయన కూడా పక్కనే పసిబిడ్డ తండ్రిలా నోరు తెరుచుకొని చూసేవాడు. ఇంత మెత్తదనం ఉన్న మనిషి అందులో ఒక చిటికెడు ఇంట్లో ఎవరికీ పెట్టలేదే అని నాకు మరింత మండేది.

ఒక ఏడాది నాకు ఆపరేషన్ అయింది. అక్క నాకు తోడుగా తిరుత్తణి వచ్చింది. అప్పటికి బావకు కొత్త ఆలోచన పట్టుకొని ఉంది. సంచులూ వద్దు, స్కిమ్మరూ వద్దు, కింది తొట్టిలో లైటు పెట్టి ఒక రకం సముద్రపు నాచు పెంచితే అదే మురికిని తినేస్తుందట. నాచా, స్కిమ్మరా అని స్నేహితులతో ఫోను స్పీకరులో పెట్టి వాదించేవాడు. ఒకరు నాచు నిదానమన్నారు. ఒకరు స్కిమ్మరు మంచిదాన్ని కూడా లాగేస్తుందన్నారు. చివరికి రెండూ కలిపి పెట్టుకోమని అందరూ చెప్పారు. రెండూ పెట్టుకుంటే ఇక వాదించడానికి ఏముంటుంది? నాచే అన్నాడు. ఆదివారం తానే గొట్టాలు కోసి, జిగురు పూసి అతికించి, సోమవారం పొద్దున రైలెక్కి ఆఫీసుకు పోయాడు.

మధ్యాహ్నం ఆ అతుకు ఊడిపోయింది. హాలంతా నీళ్ళు. వాళ్ళమ్మ పాపం భయపడి కొడుక్కు ఫోను చేసింది. ఆయన ఏదో మీటింగులో ఉన్నాడు. అతుకును ఎట్లా బిగించాలో చెప్పి, “మోటారు ఎండిపోకముందే బిన్నా, తొందరగా ఉప్పు నీళ్ళు పొయ్యమ్మా, నిండేదాకా పొయ్యి” అని పెట్టేశాడు.

ఇక్కడ మా వైపు ఇళ్ళ సంగతి చెప్పాలి. తిరువళ్ళూరు చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా రెండు రకాల నీళ్ళు ఉంటాయి. తాగేవి మంచినీళ్ళు. బోరు నుంచి వచ్చేవి ఉప్పు నీళ్ళు. గిన్నెలు తోమడానికి, బట్టలు ఉతకడానికి, స్నానానికి అవే. నోట్లో పోసుకుంటే కాస్త చప్పగా, కాస్త ఉప్పుప్పగా ఉంటాయి గానీ వాటిలో సముద్రమేమీ లేదు. పేరు మాత్రం ఉప్పు నీళ్ళు. తమిళంలో చెప్పినా అదే పేరు. పుట్టినప్పటి నుంచి ఆ మాటకు వేరే అర్థం ఎరగని మనిషి ఆ పెద్దావిడ. బావ మనసులో ఉన్నది వెనక వరండాలో ఆయన సముద్రపు ఉప్పు కలిపి మూత పెట్టిన నీలం డ్రమ్ము. ఆవిడ బాత్రూములో బోరు కుళాయి తిప్పి, బకెట్లు బకెట్లు మోసి, మోకాళ్ళ నొప్పులతో తొట్టి నింపింది. కొడుకు చెప్పిన పని తప్పకుండా చేశానని సంతోషంగా పడుకుని ఉంటుంది.

సముద్రపు జీవాలకు నీళ్ళలో ఒక్కసారిగా ఉప్పు తగ్గిపోతే బతకవు. మర్నాటికి చేపలు వెల్లకిలా తేలాయి, పగడాలు కరిగి చీమిడిలా జారాయి. చచ్చినవాటి జిడ్డుకు నురగ పొంగి తొట్టి మీదుగా కారింది. ఆ నురగ చూసి బావ సబ్బు అన్నాడు. తిరుత్తణి వచ్చే ముందు సంచులు ఉతికి పెట్టింది ఎవరు? మా అక్క. అంతే, తేలిపోయింది. మా ఇంటికి ఫోను చేసి అరిచిన అరుపులు పక్క మంచం మీద ఉన్న నాకు వినపడ్డాయి.

“సబ్బు పొడి వేసి ఉతికినావు. కావాలనే చేసినావు! నీకు మొదట్నించీ అవంటే కడుపుమంట!”

“లేదండీ, వట్టి నీళ్ళతోనే ఉతికినాను. సత్యంగా.”

“తప్పు ఒప్పుకొనేదాకా ఈ ఇంట్లోకి రావద్దు!”

అక్కడితో ఆగలేదు. అత్తిమంజేరిపేటలో ఉన్న చిన్నాన్నతో మొదలుపెట్టి, ఇరువైపుల బంధువుల్లో ఫోను ఉన్న ప్రతి మనిషికీ చెప్పాడు. తన పెళ్ళాం ఈర్ష్యతో మూగజీవాలను చంపిందని. మూగజీవాలు అన్న మాట విని అందరూ బుగ్గలు నొక్కుకున్నారు. మా అక్క వయసు మళ్ళుతున్న మనిషి, వీధిలో ఒకరితో మాట పడి ఎరగదు. ఆవిడకు పెళ్ళిళ్ళలో వెనక నుంచి గుసగుసలు వినపడడం అప్పటి నుంచే మొదలైంది.

కుట్లు విప్పించుకున్నాక, అక్క చీరలు, మాత్రలు తీసుకురావడానికి నేను తిరువళ్ళూరు వెళ్ళాను. హాల్లో ఇంకా కంపు. బావ ఖాళీ తొట్టి ముందర కూర్చొని ఉన్నాడు. వాళ్ళమ్మ నాకు మజ్జిగ ఇస్తూ అంది.

“నేను వీడు చెప్పినట్టే ఉప్పు నీళ్ళే పోసినా గదమ్మా. బాత్రూము నుంచి మోసి మోసి నడుము పట్టుకునింది. అట్లా పోసినా అవి బతకలేదే!”

మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. నాకు ఆ తొట్టి గురించి తెలిసింది తక్కువే, కానీ ఏ నీళ్ళు పోశారో అర్థం కావడానికి ఎక్కువ తెలియనక్కర్లేదు. బావ వైపు చూశాను. ఆయన ముఖంలో ఆశ్చర్యం లేదు. ఆ మాట ఆయన నాకంటే ముందే విని ఉన్నాడు.

“అమ్మా, నువ్వు లోపలికి పో” అన్నాడు. ఆవిడ వెళ్ళింది.

“విన్నావు గదా బావా! మా అక్క చెయ్యలేదు.”

“గట్టిగా మాట్లాడొద్దు. అమ్మ వింటాది.”

“విననీ! నువ్వు పెట్టిన అతుకు ఊడింది, నువ్వు చెప్పిన మాటకే ఆమె పోసింది. మా అక్కను ఊరంతా తిట్టించినావే!”

ఆయన చేతిరుమాలు తీసి పెదాలు తుడుచుకున్నాడు. కొంచెం కూడా తొట్రుపడలేదు.

“నేను చెప్పింది కరెక్టే. వినేవాళ్ళకు అర్థం కాకపోతే నేనేం చేసేది? దానికని అమ్మను నలుగురిలో పెట్టగలనా? ఈ వయసులో ఆమె తట్టుకోలేదు. మీ అక్క అయితే తట్టుకుంటాది.” ఎంతో న్యాయంగా, “మురికి యాడికో ఒకచోటికి పోవాల గదా” అన్నాడు.

స్కిమ్మరు గిన్నె ముక్కు దగ్గర పెట్టినప్పుడు కూడా నాకు అంత రోత కలగలేదు. చీరలు సంచీలో కుక్కుకొని బయటపడ్డాను.

బంధువులందరికీ నేనే ఫోన్లు చేస్తానన్నాను. అక్క వద్దంది. “నువ్వు చెప్తే చెల్లెలు వెనకేసుకొని వచ్చిందంటారు. నిందవేసిన నోరే తియ్యాల” అని ఆయనకు ఫోను చేసింది. ఏడవలేదు, అరవలేదు. “అత్త పేరు కూడా ఎత్తొద్దు మీరు. నేను చెయ్యలేదు అని, అంత మాత్రం చెప్పండి” అంది. ఆయన “చెప్తాలే” అన్నాడు. అంతలోగా చేసిన పని ఏమిటంటే, వాళ్ళమ్మను తీసుకెళ్ళి అత్తిమంజేరిపేటలో తమ్ముడి ఇంట్లో దించి వచ్చాడు.

తర్వాత మా ఇంట్లో పెద్దలు కూర్చున్నారు. చిన్నమామ వచ్చాడు, మా వైపు వాళ్ళు వచ్చారు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకొని, కుర్చీ తుడుచుకొని కూర్చున్నాడు. అక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆయన గొంతు సవరించుకుంటే, ఇప్పుడు చెబుతాడని నేను నిజంగానే అనుకున్నాను. ఆయన అందరి వైపూ చూసి, నిదానంగా, “జరిగిందేదో జరిగింది. నేను మనసులో పెట్టుకోలేదు. క్షమించేసినాను” అన్నాడు.

చిన్నమామ కళ్ళు తుడుచుకున్నాడు. “పెద్దమనసప్పా నీది” అన్నాడు. మా వైపు వాళ్ళు కూడా హమ్మయ్య అనుకున్నారు. అక్క బావ ముఖంలోకి చూసింది. ఆయన ఆ సమయానికి గోడ గడియారం చూస్తున్నాడు. నేను నోరు తెరవబోతే అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

ఆమె తిరువళ్ళూరు తిరిగి వెళ్ళింది. నేను వద్దన్నాను. “ఆ ఇల్లు ఆయనది మాత్రమేనా? పోకపోతే ఒప్పుకున్నట్టే” అంది. కొత్త చేపలు వచ్చాయి. నాచు మాట మళ్ళీ ఎత్తలేదు, అన్నిటికంటే పెద్ద స్కిమ్మరు కొన్నాడు. కొన్నది ఆయన, గిన్నె కడిగేది అక్క. నెలకోసారో, పండగకోసారో, ఎవరైనా బంధువు ఆ పాత కథ ఎత్తి నవ్వినప్పుడో, అక్క ఆయన్ని పక్కకు పిలిచి అడిగేది. “చెప్తాలే, టైము చూసి చెప్తా” అనేవాడు. ఒకసారి నా ముందరే, “ఇంకా దాన్నే పట్టుకొని ఉండావా నువ్వు? నేనే మరిచిపోయినాను!” అని ఆశ్చర్యపోయాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. అదే నాకు భరించడం కష్టమైంది.

అట్లా రోజులు పోయాయి, ఆయన పోయాడు. ఇక ఆ మాట చెప్పే నోరు లేదనుకున్నాను.

పెద్దకర్మ రోజు భోజనాలు అయ్యాయి. అందరూ హాల్లో కూర్చున్నారు. ఊరి నుంచి తీసుకొచ్చిన బావ వాళ్ళమ్మ మూల కుర్చీలో ముడుచుకొని ఉంది. ఈమధ్య ఆవిడకు చెవులు సరిగ్గా వినపడవు, చెవి దగ్గర అరిస్తేగానీ తెలియదు. అందుకని ఎవరూ ఆవిడతో ఎక్కువ మాట్లాడరు. అక్క తట్టలో కాఫీ గ్లాసులు పెట్టుకొని ఇస్తోంది. చిన్నమామ గ్లాసు అందుకొని, తన వదిన అయిన ఆ పెద్దావిడను ఓదార్చాలన్న ఉబలాటంతో ఆవిడ చెవి మీదికి వంగి, హాలంతా వినపడేట్టు అరిచాడు.

“బంగారంలాంటి బిడ్డ వదినా నీ బిడ్డ! సబ్బు కలిపి చేపల్ని చంపిన పెండ్లాన్నే క్షమించినాడు!”

ఆవిడ అర్థం కానట్టు చూసింది. “ఏం సబ్బు?”

“అదే వదినా, ఆ పొద్దు చేపలన్నీ సచ్చిపోలేదా!”

“సబ్బు యాడిది?” అంది ఆవిడ. “అవి సచ్చింది నేను పోసిన బోరు నీళ్ళకు గదా. వాడే చెప్పినాడు నాకు. నీ వల్లనే పోయినాయి, ఎవురి దగ్గరా అనొద్దు అని చెప్పి ఊర్లో దించేసి వచ్చినాడు.”

వచ్చింది, ఇన్నాళ్ళకు మాట బయటికి వచ్చింది అనుకున్నాను. చిన్నమామ నోరు తెరిచి అక్కను చూశాడు, ఆవిడను చూశాడు, గోడ మీద దండ వేసిన ఫోటోను చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగా ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“చూసినారా!” అన్నాడు. “తల్లి మీద ఒక్క మాట రానీలేదు! ఎవురికీ చెప్పకుండా మనసులోనే పెట్టుకొని పోయినాడు. అదీ బిడ్డంటే!”

చుట్టూ ఉన్నవాళ్ళు తలలాడించారు. ఒకావిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఈ మనుషుల మధ్య ఇంకొక్క క్షణం కూర్చోలేక లేచాను.

అక్క తట్ట కింద పెట్టింది.

“చిన్నమామా, ఇన్నేండ్లూ మీరంతా నన్ను క్షమించినారు గదా” అంది. “దాన్ని వెనక్కి తీసుకోండి.”

“ఏందమ్మా?”

“నన్ను క్షమించినది వెనక్కి తీసుకోండి. నేను చెయ్యలేదు అని మీ నోటితో చెప్పండి.”

“పోనీలేమ్మా, ఇంకెందుకు? పోయినాయన ఎట్లాగూ...”

“ఆయన చెప్తాలే, చెప్తాలే అనే పోయినాడు. మీరన్నా చెప్పండి.”

చిన్నమామ ఎవరైనా అడ్డం వస్తారేమోనని చుట్టూ చూశాడు. ఎవరూ రాలేదు. గ్లాసులోకి చూస్తూ, “సరే, ఆ పిల్ల చెయ్యలేదు” అని గొణిగాడు.

“అత్తకు వినపళ్ళేదు” అంది అక్క. “గట్టిగా చెప్పండి.”

ఆయన లేచి నిలబడ్డాడు. “మా కోడలు చెయ్యలేదు” అన్నాడు, వాకిట్లో చెప్పులు వేసుకుంటున్నవాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా.